పాత కార్ల సౌండ్ సిస్టమ్ పనిలో మా పొరపాటు, ఇకపై మా పద్ధతి

మా దగ్గర కారు ఆడియో పని చేయించుకున్నవారికీ, చేయించుకోవాలని అనుకుంటున్నవారికీ ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. పదిహేనేళ్లు దాటిన ఒక కుటుంబపు కారులో కొంతకాలం క్రితం మేము కొత్త సెట్టు (డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియో), నాలుగు స్పీకర్లు, డిక్కీలో యాంప్లిఫయర్, వూఫర్ అమర్చాము. ఇంజన్ వేగం పెరిగినప్పుడల్లా స్పీకర్లలో ఈల వంటి శబ్దం వస్తున్నదని యజమాని ఈమధ్య ఆ కారును తిరిగి తీసుకువచ్చారు. కారణం వెదుకుతూ కార్పెట్టు ఎత్తి చూస్తే మా పనిలో మూడు తప్పులు కనిపించాయి. యాంప్లిఫయర్ ఎర్త్ వైరును పెయింటు గీకకుండానే బోల్టు కింద బిగించాము. సెట్టు నుండి యాంప్లిఫయర్‌కు పాట సిగ్నల్‌ను తీసుకువెళ్లే సన్నని ఆర్‌సీఏ వైర్లను కరెంటు వైరుతో కలిపి ఒకే కట్టగా లాగాము. ఈల శబ్దానికి మూలం ఈ రెండే. మూడవ తప్పు శబ్దంతో పోయేది కాదు: బ్యాటరీ నుండి వచ్చే ఎర్ర వైరుకు ఫ్యూజును బ్యాటరీ దగ్గర కాక, వెనుక యాంప్లిఫయర్ పక్కన పెట్టాము.

ఆ ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది ఉన్నది వైరును కాపాడటానికి. ఇంజన్ గదికీ కారు లోపలికీ మధ్య ఉన్న రేకులోని రంధ్రం గుండా ఆ వైరు వస్తుంది. అక్కడ రంధ్రపు అంచు వైరుకు తగలకుండా ఉంచే రబ్బరు తొడుగు (గ్రామెట్) లేకపోతే బండి అదురుకు పైతొడుగు అరిగి, లోపలి తీగ ఏదో ఒకరోజు రేకును తాకుతుంది. అప్పుడు బ్యాటరీ నుండి వందల ఆంపియర్ల కరెంటు ఆ వైరులో ప్రవహిస్తుంది, డిక్కీలో ఉన్న ఫ్యూజు దాన్ని ఏమాత్రం ఆపలేదు, ఎందుకంటే మంట పుట్టే చోటు ఫ్యూజుకు ముందే ఉంది. బ్యాటరీకి పద్దెనిమిది అంగుళాల లోపల, అంటే మూరెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలన్న నియమం ఇందుకే. ఆ కారులో వైరు పైతొడుగు అప్పటికే సగం అరిగి ఉంది. వెనుక సీటులో పిల్లలు కూర్చునే కారు అది. దాన్ని చూసిన రోజునుండి మా మనసు కుదుటపడలేదు. ఆ యజమానికి జరిగినది చెప్పి, వైరింగ్ అంతా మా ఖర్చుతో మార్చి ఇచ్చాము.

ఈ తప్పులకు కేవలం తొందర కారణమని చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. మేము పనిని తలకిందులుగా మొదలుపెడుతూ వచ్చాము: ముందు యాంప్లిఫయర్, తరువాత వూఫర్, చివరికి సమయం మిగిలితే స్పీకర్లు, వైరింగ్. ఇకపై పాత కారు ఏది వచ్చినా ముందుగా డోర్ ప్యానెల్ విప్పుతాము. చాలా పాత స్పీకర్లలో కోన్ (అదురుతూ శబ్దం పుట్టించే గరాటు ఆకారపు భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు చేతితో తాకితే పొడిగా రాలిపోయే స్థితిలో ఉంటుంది. అటువంటి స్పీకరుకు ఎంత పవర్ ఇచ్చినా వచ్చేది గరగరే. రబ్బరు అంచు ఉన్నవి ఎక్కువకాలం నిలుస్తాయి కాబట్టి వాటినే సూచిస్తాము.

స్పీకరు మార్చడంతో డోరు పని పూర్తికాదు. కోన్ ముందుకు తోసే గాలి, వెనుకకు తోసే గాలి ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి. డోరు లోపలి రేకులోని పెద్ద పెద్ద రంధ్రాల గుండా వెనుక శబ్దం బయటకు వచ్చి ముందు శబ్దంతో కలిస్తే బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆ రంధ్రాలు మూసి, రేకుకు దాని అదురును తగ్గించే బ్యూటైల్ రబ్బరు షీట్ అంటించి, స్పీకరుకూ డోరుకూ మధ్య సందు లేకుండా రింగు బిగిస్తే, కొందరు కస్టమర్లు వూఫర్ కోసం వచ్చి అది అక్కరలేదని వెళ్లిపోయేంత తేడా ఉంటుంది. డోరు అడుగున వాననీరు పోయే రంధ్రాలను మాత్రం ఎన్నడూ మూయకూడదు, మూస్తే తుప్పు పడుతుంది. మా అమ్మకం తగ్గినా సరే, ఈ పని చూడకుండా వూఫర్ గురించి మాట్లాడము.

పెట్టెల మీది వాట్ల గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. సెట్టు మీద 50 వాట్లు నాలుగు ఛానెళ్లు అని రాసి ఉంటే, అది క్షణకాలపు గరిష్ఠం మాత్రమే. నడుస్తున్న ఇంజన్ ఇచ్చే 14.4 వోల్టులతో, 4 ఓమ్‌ల స్పీకరుకు శబ్దం చెడకుండా అందగలిగేది లెక్క ప్రకారమే దాదాపు 26 వాట్లు. వాస్తవంలో 15 నుండి 20 వరకు వస్తే మంచి సెట్టే. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు, చెవికి అది కొద్దిపాటి తేడా. శబ్దం రెండింతలైనట్టు అనిపించడానికి సుమారు పదింతల పవర్ కావాలి. అందుచేత సెన్సిటివిటీ (అంతే పవర్‌కు స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందనే కొలత) 3 డెసిబెళ్లు ఎక్కువ ఉన్న స్పీకరును ఎంచుకోవడం, యాంప్లిఫయర్ పవర్‌ను రెట్టింపు చేయడంతో సమానం. పాత కారుకు ఇదే సురక్షితమైన దారి కూడా, ఎందుకంటే ఇంజన్ తిరుగుతుండగా కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్లు పాత చిన్న కార్లలో చిన్నవి, వాటిలో చాలావాటి సామర్థ్యం 35 నుండి 60 ఆంపియర్లే, బండి ఆగి ఉన్నప్పుడు అంతకూడా రాదు. 300 వాట్ల ఏబీ క్లాస్ యాంప్లిఫయర్ (కరెంటులో చాలా భాగం వేడిగా పోగొట్టే రకం) పూర్తి స్థాయిలో పనిచేస్తే నలభైకి పైగా ఆంపియర్లు లాగుతుంది. కరెంటును తక్కువగా వృథా చేసే డీ క్లాస్ రకం అయితే అదే పనికి దాదాపు 27 చాలు. రాత్రివేళ హెడ్‌లైట్లు, బ్లోయర్ కూడా అదే ఆల్టర్నేటర్ మీద ఆధారపడి ఉంటాయి.

మరీ పాత కొన్ని కార్లలో స్పీకర్ల మైనస్ వైర్లన్నీ ఒకటిగా కలిపి బాడీకి ఎర్త్ చేసి ఉంటాయి. కొత్త సెట్టును వాటికి కలిపితే దాని అవుట్‌పుట్ కాలిపోవచ్చు, కాబట్టి అటువంటి కారులో ప్రతి స్పీకరుకూ వేరుగా రెండు వైర్లు లాగిన తరువాతే సెట్టు పెడతాము. దీనికి ఒక రోజు ఎక్కువ పడుతుంది. విప్పిన పాత సెట్టును, స్క్రూలతో సహా, మీకే తిరిగి ఇస్తాము, దయచేసి పారవేయకండి.

మా దగ్గర ఇదివరకే యాంప్లిఫయర్ పెట్టించుకున్న ప్రతి కారునూ ఉచితంగా తిరిగి పరీక్షిస్తాము, తప్పు ఉంటే ఉచితంగానే సరిచేస్తాము. మీరు వచ్చేలోగా ఒకసారి బానెట్ ఎత్తి, బ్యాటరీ ప్లస్ నుండి బయలుదేరే లావు వైరును చూడండి. మూరెడు లోపల ఫ్యూజు హోల్డర్ కనిపించకపోతే, సెట్టు ఆపినంత మాత్రాన సరిపోదు, ఆ వైరులో ఎల్లప్పుడూ కరెంటు ఉంటుంది. దగ్గరలోని మెకానిక్ చేత దాన్ని బ్యాటరీ నుండి విప్పించి, కొసకు టేపు చుట్టించి ఉంచండి. కారు యథావిధిగా నడుస్తుంది, యాంప్లిఫయర్‌కు కలిపిన వూఫర్, స్పీకర్లు మాత్రం మేము సరిచేసి ఇచ్చేవరకు పలకవు.