గర్భసంచి సంగతి ఎనిమిదో తరగతిలోనే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు 3.3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం ఉన్నారని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అవసరం లేని ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా. ఈ విషయం ఎప్పుడు చర్చకు వచ్చినా ఆస్పత్రుల డబ్బు యావ దగ్గరే మాట ఆగిపోతుంది. ఆ యావ ఉన్న మాట నిజమే. కానీ ముప్ఫై ఏళ్లు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి విరమించిన నాకు, ఈ కథ ఆస్పత్రి గేటు దగ్గర కాదు, ఎనిమిదో తరగతి గదిలోనే మొదలవుతోందని అనిపిస్తోంది.

మూడేళ్ల కిందట మిరప కోతల కాలంలో నా పాత విద్యార్థిని ఒకామె చేను గట్టు మీద కనిపించింది. వయసు ముప్ఫై ఒకటి. నడుము పట్టుకుని కూర్చుని, "గర్భసంచి తీయించేశాను టీచరమ్మా. పిల్లలు ఇద్దరూ పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది?" అంది. ఆమెకు వచ్చిన జబ్బల్లా ఏడాదిగా తెల్లబట్ట కావడం. ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ "అలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నాడట, పట్నంలో ఆస్పత్రికి రాసిచ్చాడట, వడ్డీకి తెచ్చిన డబ్బుతో వారంలో పని అయిపోయిందట. తెల్లబట్ట కొంతవరకు సహజమేననీ, దురదా వాసనా ఉంటే అది చాలావరకు మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్ అనీ, గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారుతాయనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అన్నప్పుడు అందులో నేనూ ఉన్నాను. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో బొమ్మ ఒక్కటే వస్తుంది" అని పేజీ తిప్పేసిన టీచర్లలో నేనొకతెను. మగపిల్లలు నవ్వుతారని భయం, తల్లిదండ్రులు అడుగుతారని భయం, నిజానికి నాకే నోరు తిరగకపోవడం.

నేను చేయలేకపోయిన పనిని, విరమణకు ముందు సంవత్సరం మా బడికి వచ్చిన ఒక ఏఎన్‌ఎం, అంటే ఊరి ఆరోగ్య నర్సు, చేసి చూపించింది. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. చీటీలు పంచి, పేరు రాయకుండా ఏదైనా అడగమని, వాటిని ఖాళీ చాక్‌పీసుల డబ్బాలో వేయించింది. ఒక చీటీలో "తెల్లబట్ట అయితే ఎముకలు కరిగి పోతాయా?" అని ఉంది. మరొకదానిలో "నాకు రెండు నెలలకోసారి వస్తోంది, నాకు పెళ్లి అవుతుందా?" అని. సమర్తాడిన తరువాత రెండు మూడేళ్లు నెలసరి తేదీ తప్పడం మామూలేననీ, ఆపకుండా వారం దాటి పోయినా, గంటకో గుడ్డ తడిసినా దాచుకోకుండా తనకు చెప్పాలనీ ఆమె అనగానే, వెనక బెంచీలో ఒక పిల్ల ఏడ్చేసింది. ఆ పిల్ల ఎన్నాళ్లుగా దాచుకుందో మరి. అంతకు ముందు వారం దాకా, రక్తహీనత తగ్గడానికి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలను మా పిల్లలు ప్రహరీ వెనక వేపచెట్టు కింద పారేసేవాళ్లు. వాన పడితే అక్కడి మట్టి నీలంగా తేలేది. "పరగడుపున మింగితే వికారం, అన్నం తిన్నాక మింగండి, వెంటనే టీ తాగకండి, విరేచనం నల్లగా వస్తే భయపడకండి" అని ఆమె చెప్పిన మూడు ముక్కలతో ఆ నీలం మరక మళ్లీ కనిపించలేదు. ప్రతి వారం మాత్రలు పంచిన మాకు ఆ మూడు ముక్కలు ఎందుకు తోచలేదో!

15–19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 60 శాతం, తెలంగాణలో 64 శాతం దాటిందని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. అదే వయసులో తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు దేశం మొత్తం మీద 6.8 శాతమైతే మన ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. 10 నుంచి 19 ఏళ్ల వారి కోసమే 2014 జనవరిలో కేంద్రం రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చింది. తెలంగాణలో 2023 మార్చి 8 నుంచి మంగళవారాల్లో 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లు మొదలయ్యాయి. పథకాలకు కొదవ లేదు. ప్యాడ్ చేతికి ఇచ్చి మాట ఇవ్వకపోవడమే లోపం. మే 28న ఋతుక్రమ పరిశుభ్రతా దినోత్సవం నాడు ఫ్లెక్సీ కట్టి, ఫొటో దిగి వెళ్లిపోతే ఆ లోపం పూడదు. పైగా ఆ తేదీకి మన బడులకు సెలవులు.

ఈ పనికి డాక్టరు కంటే, టీచరు కంటే నర్సే ఎందుకు తగినదో వేరే వివరించనక్కర్లేదు. టీకా వేయడానికి గడప తొక్కేది ఆమె, బాలింతను చూసేది ఆమె, తల్లికీ కూతురికీ ఇద్దరికీ తెలిసిన మనిషి ఆమె. అయితే ఆమె పొద్దు ఎలా గడుస్తోందో అధికారులు ఒక్కసారి చూడాలి. జ్వరాల సర్వే, బీపీ షుగరు సర్వే, టీకాల రోజులు, వీటన్నిటి వివరాలూ ఫోన్లోనూ ట్యాబులోనూ ఎక్కించడం, నెట్ రాకపోతే రాత్రి ఇంట్లో కూర్చుని ఎక్కించడం. మా బడికి వచ్చిన ఆ సిస్టరమ్మ కూడా తన సెలవు రోజు వాడుకుని వచ్చిందని తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. ఆమె చేసిన నలభై నిమిషాల పనికి ఏ యాప్‌లోనూ గడి లేదు.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. నర్సులందరూ ఇలాగే చెబుతారని కాదు. నెలసరి రోజుల్లో పిల్లను వసారాలో కూర్చోబెట్టడమే ఆరోగ్యమని చెప్పిన నర్సును కూడా నేను విన్నాను. సూది వేయడం నేర్పినట్లే ఈ విషయాలు మాట్లాడడం కూడా వారికి నేర్పాలి. నర్సింగ్ పుస్తకంలోని మాటలతో కాకుండా, తెల్లబట్ట, గర్భసంచి, బయట చేరడం అనే మాటలతో నేర్పాలి.

అందువల్ల వైద్య ఆరోగ్య శాఖ, విద్యా శాఖ కలిసి, ఈ జూన్‌లో బడులు తెరిచేలోగా ఒక ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రతి హైస్కూల్లో, కస్తూర్బా విద్యాలయంలో, సంక్షేమ హాస్టల్లో నెలకు ఒక పీరియడు టైం టేబుల్లోనే వేసి, ఆ ఊరి ఏఎన్‌ఎంకు గాని, విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పల్లె దవాఖానాలోనో పనిచేసే నర్సుకు గాని అప్పగించాలి. ప్రతిసారీ ఒకే మనిషి రావాలి, ఎందుకంటే పిల్లలు మొదటిసారి చీటీ రాస్తారు, మూడోసారికి గాని నోరు విప్పరు. ఆ గంటను ఆమె డ్యూటీగా లెక్కకట్టి, మరో సర్వే భారం తగ్గించాలి. మగపిల్లలను ఆట స్థలానికి తోలేయకుండా వారికీ వేరుగా ఒక గంట పెట్టాలి. భార్యకు ఆపరేషన్ చేయించే నిర్ణయం రేపు వారి చేతుల్లోనే ఉంటుంది. తల్లుల సమావేశాలు పగలు పదకొండింటికి పెడితే కోత కూలీలు ఎవరూ రారు, కాబట్టి నెలలో ఒక సాయంత్రమైనా కూలీలు ఇల్లు చేరాక పెట్టాలి. గర్భసంచి తీయాలని ఎవరు చెప్పినా, సంతకం పెట్టే ముందు తన ఊరి నర్సును ఒకసారి కలవమని ఆ సమావేశాల్లో చెప్పించాలి. ఆ నర్సు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ద్వారా ప్రభుత్వ ఆస్పత్రి గైనకాలజిస్టు దగ్గరకు పంపించే ఏర్పాటూ చేయాలి.

మా బడిలోని ఆ చాక్‌పీసుల డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. అందులో జవాబు చెప్పకుండా మిగిలిన చీటీలు ఇంకా పదకొండు ఉన్నాయి. శిక్షణకు పనికొస్తాయనుకుంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి అందజేయడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
పల్నాడు జిల్లా.