పశ్చాత్తాపానికి తేదీ అవసరం

సంపాదకులకు,

ఒక అధికార నాయకుడి దగ్గర ఏళ్ల తరబడి అంతరంగికుడిగా మెలిగిన వ్యక్తి రాసుకున్న జ్ఞాపకాలపై గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన సమీక్ష చదివాను. రచయిత ఆలస్యంగానైనా నిజం ఒప్పుకున్నారని సమీక్షకులు మెచ్చుకున్నారు గానీ, ఆ నిజం ఆయనకు ఎప్పుడు తెలిసిందో, ఇన్నాళ్లూ ఎందుకు దాచారో అడగలేదు. ఇలాంటి పుస్తకాలకు అసలు పరీక్ష అదేనని నా అభిప్రాయం.

అమెరికా రక్షణ మంత్రిగా 1961 నుంచి 1968 ఫిబ్రవరి దాకా పనిచేసిన రాబర్ట్ మెక్‌నమారా ఇందుకు మంచి ఉదాహరణ. వియత్నాంకు సేనలను ఇంకా పెంచవద్దని, ఉత్తర వియత్నాంపై బాంబు దాడులు ఆపాలని ఆయన 1967 నవంబరులోనే అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు రహస్యంగా రాసి ఇచ్చారు. ఆ తరువాత పదవి వదిలి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడై 1981 వరకు అక్కడే ఉన్నారు. తాము ఘోరంగా పొరబడ్డామని పుస్తకం రాసి ఒప్పుకున్నది మాత్రం 1995లో, 78 ఏళ్ల వయసులో. ఆ యుద్ధంలో చనిపోయిన 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికుల్లో సగానికి మించి ఆయన పదవి వీడిన తరువాత ప్రాణాలు పోగొట్టుకున్నవారే. వియత్నామీయుల మరణాలైతే లక్షల్లోనే. తన మౌనానికి ఆయన చెప్పుకున్న కారణం అధ్యక్షుడి పట్ల విధేయత. అది బూటకమని నేననను. నమ్మి దగ్గరికి తీసిన మనిషి గుట్టు కాపాడాలనుకోవడం నీచమేమీ కాదు. కానీ జాన్సన్ 1973 జనవరిలోనే కన్నుమూశారు. ఆ తరువాతి 22 ఏళ్ల మౌనం ఎవరి పట్ల విధేయత?

ఆల్బర్ట్ స్పీర్ కథ ఇంకా చేదైనది. హిట్లర్ ఆయుధోత్పత్తి మంత్రిగా చేసిన నేరాలకు 20 ఏళ్ల జైలు శిక్ష అనుభవించి వచ్చి, 1969లో ప్రచురించిన జ్ఞాపకాల్లో, పాలకుల్లో ఒకడిగా బాధ్యత తనదీ అంటూనే యూదుల సామూహిక సంహారం సంగతి మాత్రం తనకు తెలియదన్నాడు. 1943 అక్టోబరులో, అప్పటి జర్మనీ ఆక్రమణలోని పోలండ్ నగరం పోజెన్‌లో, ఆ సంహారాన్ని నడిపించిన నాజీ నాయకుడు హిమ్లర్ దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడినప్పుడు తాను అక్కడే ఉన్నానని 1971లో రాసిన ఒక ఉత్తరంలో ఒప్పుకున్నట్టు 2007లో బయటపడింది. పెద్ద తప్పును అందరితో కలిసి నెత్తిన వేసుకుంటే, తనదైన తప్పు దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. మన భాషలో ఇది మరీ తేలిక: ‘పొరపాటు చేశాను’ అనవలసిన చోట ‘పొరపాటు జరిగిపోయింది’ అంటే చాలు, చేసినవాడు వాక్యంలోంచే తప్పుకుంటాడు. మీరు సమీక్షించిన పుస్తకం నుంచి ఉదహరించిన నాలుగు వాక్యాల్లో మూడు అలాంటివే.

నోరు విప్పితే ద్రోహమవుతుందన్న వాదనకు సైరస్ వాన్స్ ఎప్పుడో జవాబిచ్చారు. ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను సైనిక చర్యతో విడిపించాలన్న అమెరికా అధ్యక్షుడు కార్టర్ నిర్ణయాన్ని వ్యతిరేకించిన ఈ విదేశాంగ మంత్రి, 1980 ఏప్రిల్‌లో ఆ చర్య మొదలవక ముందే రాజీనామా లేఖ ఇచ్చారు. ఫలితం ఎలా ఉన్నా వెళ్లిపోతానని చెప్పి, అది ముగిసేదాకా బయటికి పొక్కనివ్వలేదు. ఆయన రహస్యమూ కాపాడారు, తన మాటా చెప్పారు.

ఇకపై ఇలాంటి పుస్తకాలను సమీక్షించేటప్పుడు, రచయిత ఏ పదవిలో ఏ సంవత్సరం దాకా కొనసాగారో, తప్పు తనకు ఎప్పుడు తెలిసిందని చెప్పుకున్నారో పక్కపక్కనే అచ్చు వేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు