వార్షిక నివేదిక: ఫోన్ దగ్గర ఆగిపోతున్న పెద్దల కోసం ఈ ఏడాది చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా శ్రమపడింది ఒక్క పని మీదే. పెద్ద వయసు సభ్యులకు ఫోన్ వాడకంలో తోడు నిలిచాం. మిగతా కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

మొదట క్లాసులు పెట్టాం. తెర మీద చూపిస్తే అందరూ తలలూపారు, తీరా ఇంటికెళ్తే ఆ బటన్ ఎవరి ఫోన్‌లోనూ అక్కడ లేదు. అందుకే ఒక్కొక్కరి పక్కన ఒక్కో వాలంటీర్ కూర్చునే పద్ధతికి మారాం. వాలంటీర్లకు ఒకటే షరతు: ఫోన్ మీ చేతిలోకి తీసుకోకూడదు. కుర్రవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టమైంది. "ఇలా ఇవ్వండి తాతగారూ, నేను చేసేస్తా" అంటే పని క్షణంలో అయిపోతుంది, కానీ మళ్లీ అదే పని పడితే ఆయన మళ్లీ ఎవరినో వెతుక్కోవాలి.

పక్కన కూర్చుంటే చాలా సంగతులు బయటపడ్డాయి. వయసుతో చర్మం పొడిబారుతుంది. టచ్ స్క్రీన్ వేలిని విద్యుత్ ద్వారా పసిగడుతుంది కాబట్టి పొడి వేలిని ఒక్కోసారి గుర్తించదు. దాంతో గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. ఫోనేమో దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఇంకేదో మెనూ తెరుస్తుంది. "నాకు రాదమ్మా" అని పక్కన పెట్టేసిన వాళ్లలో కొందరికి ఎంతసేపు నొక్కితే లాంగ్ ప్రెస్ అవుతుందో ఆ వ్యవధిని సెట్టింగ్స్‌లో పెంచితే సరిపోయింది. వేలిముద్రల గీతలు అరిగిన వాళ్లకు ఫోన్ తెరవడానికి వేలిముద్ర బదులు పిన్ పెట్టించాం.

చూపు సంగతి మరీనూ. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో దాదాపు మూడో వంతే. అలాంటి కంటికి తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు! వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగులో కనీసం 4.5:1 నిష్పత్తిలో తేడా (కాంట్రాస్ట్) ఉండాలని, 200 శాతం పెంచినా పేజీ పనిచేయాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. మేం అక్షరాలు పెద్దవి చేసిన కొన్ని యాప్‌లలో 'సబ్మిట్' బటనే తెర కిందికి జారి కనబడకుండా పోయింది. దానికి మా దగ్గర మందు లేదు, తయారీదారులకు ఫిర్యాదులు పంపాం.

ఓటీపీ అంటే అందరికీ టెన్షనే. మెసేజ్ చూద్దామని బయటికొస్తే యాప్ మొదటికొస్తుంది, ఈలోపు గడువు దాటిపోతుంది. ఆ కంగారులో ఎవరో ఫోన్ చేసి "స్క్రీన్ షేర్ చేయండి, నేను చూస్తా" అంటే దేవుడిలా కనిపిస్తాడు. తొందరపెట్టే ఏ ఫోన్ అయినా పెట్టేసి, మనకు ముందే తెలిసిన నంబరుకు మనమే చేయాలని ప్రతి సమావేశంలోనూ చెప్పాం.

కార్యవర్గం తీసుకున్న నిర్ణయం ఒకటి ఉంది. సంఘం నోటీసులు వాట్సాప్‌తో పాటు కాగితం మీద కూడా అందుతాయి. అడిగిన వారికి ఫోన్ చేసి చదివి వినిపిస్తాం. చందా నగదుగా కట్టి రసీదు తీసుకోవచ్చు. ఇది రెట్టింపు చాకిరీ అని కొందరన్నారు, నిజమే. కానీ ఫోన్ నేర్చుకోవాలని లేని వాళ్లు కూడా మన సభ్యులే.

వచ్చే ఏడాది పని దినాల్లో పగటిపూట కూర్చోగల వాలంటీర్లు కావాలి. వీలున్నవారు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు. పెద్దవాళ్లు కూడా ఇవ్వవచ్చు. ఈ ఏడాది ఓపికగా నేర్పినవాళ్లలో కొందరు, అంతకుముందు మా దగ్గర నేర్చుకున్నవాళ్లే.