సోమవారం నుంచి మళ్ళీ కూర్చుని తినొచ్చు, అలాగే మీరంతా అడుగుతున్న ఆ చెక్-ఇన్ సంగతి

అందరికీ నమస్కారమండి. సింగపూర్‌లో మా టిఫిన్ల షాపు నుంచి రాస్తున్నా, ఈ రోజు 2021 జూన్ 19, కరోనా రూల్స్ ఇంకా నడుస్తున్నాయి, కింద రాసినవన్నీ ఈ రోజుకున్న రూల్సే. ముందు అసలు విషయం చెప్పేస్తా, తర్వాత చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసుకోవచ్చు. జూన్ 21 సోమవారం పొద్దున్నుంచి షాపులో కూర్చుని తినొచ్చు, కాకపోతే టేబుల్‌కి ఇద్దరే. 10వ తారీఖున గవర్నమెంట్ వాళ్ళు టేబుల్‌కి ఐదుగురు అన్నారు కదా అని మా ఆయన మూల పడేసిన టేబుళ్ళన్నీ దింపి, తుడిచి, రెండేసి కలిపి పెట్టాడు, నిన్న శుక్రవారం చూస్తే ఐదు కాదు ఇద్దరే అన్నారు, మళ్ళీ అన్నీ విడదీసి కూర్చున్నాం. మే 16 నుంచి పార్సిళ్ళ మీదే బతుకుతున్నాం, మధ్యలో మీరు మర్చిపోకుండా ఆర్డర్లు పెట్టారు, దానికి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

ఇక రెండోది. ఈ వారం వాట్సాప్‌లో మెనూ అడిగినవాళ్ళకంటే చెక్-ఇన్ గురించి, అంటే లోపలికొచ్చే ముందు గుమ్మం దగ్గర స్కాన్ చేసి పేరు నమోదు చేసుకోవడం గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. "అక్కా స్కాన్ చేయకపోతే రానివ్వవా", "ఆంటీ మా డేటా పోలీసులకి పోతుందంట నిజమేనా", "మీరు కూడా మా నంబర్లు దాస్తున్నారా". ఒక్కొక్కరికి విడివిడిగా టైప్ చేసే ఓపిక లేదు నాయనా, అందుకే అందరికీ కలిపి రాస్తున్నా.

స్కాన్ చేయకపోతే రానివ్వను. దీంట్లో మొహమాటం లేదు. మే 17 నుంచి సింగపూర్‌లో ట్రేస్‌టుగెదర్ అనే గవర్నమెంట్ యాప్ గానీ దాని టోకెన్ గానీ ఉంటేనే సేఫ్‌ఎంట్రీ అనే ఈ చెక్-ఇన్ కుదురుతుంది, మామూలు కెమెరాతో క్యూఆర్ స్కాన్ చేయడం, గుర్తింపు కార్డు మీది బార్‌కోడ్ చూపించడం ఇప్పుడు చెల్లవు. రూల్ తప్పితే మొదటిసారికే పదివేల డాలర్ల వరకు ఫైన్, లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చని చట్టంలోనే ఉంది, పైగా షాపు మూయించే అధికారం కూడా గవర్నమెంట్‌కుంది. జనం దూరం పాటిస్తున్నారో లేదో చూస్తూ తిరిగే ఆ డిస్టెన్సింగ్ అంబాసిడర్లు మా లైన్లోకి ఎప్పుడొస్తారో ఎవరికీ తెలీదు. మా సొంత తోడికోడలు వచ్చినా బయట నిలబెట్టి టోకెన్ తియ్యమంటా. తిట్టుకున్నా పర్లేదు.

కానీ రూల్ పాటిస్తున్నా అంటే దాని గురించి నాకేం అభిప్రాయం లేదని కాదు కదా. అది కూడా చెప్తా. ముందు, ఏది ఎక్కడికి పోతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండు వేరు వేరు సంగతుల్ని కలిపేసి భయపడుతున్నారు.

ట్రేస్‌టుగెదర్ అంటే మీ ఫోన్లోని యాప్, లేదా మెడలో వేసుకునే ఆ చిన్న టోకెన్. అది బ్లూటూత్ మీద పక్కనున్న ఫోన్లతో, టోకెన్లతో సంకేతాలు మార్చుకుంటుంది. మీరెక్కడున్నారో దానికి తెలీదు, ఎవరి పక్కన ఉన్నారో మాత్రం రాసుకుంటుంది. జీపీఎస్ వాడదు. అవన్నీ మీ దగ్గరే ఉండి 25 రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి, మీకు పాజిటివ్ వస్తేనే పైకి పంపిస్తారు. మన ఇండియాలో ఆరోగ్య సేతు అలా కాదు, అది బ్లూటూత్‌తో పాటు లొకేషన్ కూడా తీసుకుంటుంది, అందుకే ఊళ్ళో అమ్మానాన్నలతో మాట్లాడినవాళ్ళు అక్కడి సంగతి ఇక్కడ, ఇక్కడి సంగతి అక్కడ అంటిస్తున్నారు.

సేఫ్‌ఎంట్రీ వేరే. అది మా గుమ్మం దగ్గర జరిగేది. మీరు స్కాన్ చేయగానే మీ పేరు, ఎన్‌ఆర్‌ఐసీ (ఇక్కడివాళ్ళ గుర్తింపు కార్డు) లేదా ఫిన్ (బయటి దేశాలవాళ్ళది) నంబరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, మా షాపు పేరు తిన్నగా గవర్నమెంట్ సర్వర్‌కి పోతాయి. ఇదీ 25 రోజులే ఉంచుతామని చెప్పారు. కానీ తేడా చూడండి, పాజిటివ్ వచ్చినా రాకపోయినా ఇది ముందే పైకి పోయింది. ఎక్కడికెళ్ళారో చెప్పేది ఇదే. జనం గొడవపడేది టోకెన్ గురించి, తలుపు దగ్గర బోర్డు గురించి ఎవరూ మాట్లాడరు, నాకదే విచిత్రం.

మరి షాపువాళ్ళకి ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. స్కాన్ అయ్యాక మీ ఫోన్లో వచ్చే ఆ పచ్చ స్క్రీన్ చూస్తాం, అంతే. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, ఆమధ్య మనకి బాగా తెలిసినాయనే ఒకాయన వచ్చి, ఫలానా రోజు సాయంత్రం వాళ్ళ బావమరిది మన షాపుకి వచ్చాడా లేదా, ఎవరితో వచ్చాడు, కొంచెం ఆ లిస్టు తీసి చూడమ్మా అన్నాడు. లిస్టు లేదు బాబాయ్ అంటే నమ్మడు. మీ షాపు, మీ క్యూఆర్, మీకు తెలీకుండా ఎట్లా ఉంటుంది అని అరగంట కూర్చున్నాడు, రెండు కాఫీలు తాగాడు. ఉన్నా ఇవ్వను, అది వేరే సంగతి. ఆ రోజే నాకర్థమైంది, మనవాళ్ళలో చాలామందికి భయం పోలీసులంటే కాదు. ఇంట్లోవాళ్ళు, బాసు, రూమ్మేటు, వాట్సాప్ గ్రూపు. ఆఫీసులో ఉన్నానని చెప్పి పెసరట్టు ఉప్మా తినడానికి వచ్చినవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు, ఆ రహస్యాలు నాతోనే పోతాయి, ఆ దిగులు పెట్టుకోకండి.

పోలీసుల సంగతి. ఇది నిజమే, పుకారు కాదు. 2020 జూన్‌లో మంత్రి వివియన్ బాలకృష్ణన్ గారు ట్రేస్‌టుగెదర్ డేటా కేవలం కాంటాక్ట్ ట్రేసింగ్‌కే, అంటే పాజిటివ్ వచ్చినవాళ్ళ పక్కన ఎవరున్నారో వెతకడానికే అన్నారు, అది నమ్మే చాలామంది వేసుకున్నారు, నేనూ వేసుకున్నా. తర్వాత 2021 జనవరి 4న పార్లమెంట్‌లో అడిగితే హోం శాఖ సహాయ మంత్రి డెస్మండ్ టాన్ గారు, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద పోలీసులు ఆ డేటా తీసుకోవచ్చని చెప్పారు. అప్పటికే దేశంలో 78 శాతం మంది వాడుతున్నారు. మర్నాడు బాలకృష్ణన్ గారు లేచి, నేను ఆ మాట అన్నప్పుడు ఈ చట్టం సంగతి నా దృష్టిలో లేదని ఒప్పుకున్నారు, ఒక హత్య కేసులో వాడారని కూడా బయటికొచ్చింది. గొడవ పెద్దదై ఫిబ్రవరి 2న చట్టం తెచ్చారు. ఇప్పుడు ఏడు రకాల పెద్ద నేరాలకే, అంటే హత్య, టెర్రరిజం, కిడ్నాప్, తీవ్రమైన లైంగిక నేరాలు, ఆయుధాలు, ఉరిశిక్ష పడే డ్రగ్స్ కేసులు, కస్టడీ నుంచి తప్పించుకోవడం, వీటికే పోలీసులు అడగొచ్చు. సేఫ్‌ఎంట్రీ కూడా దీంట్లోకే వస్తుంది. వేరే పనికి వాడితే ఇరవైవేల డాలర్ల వరకు ఫైన్, రెండేళ్ళ వరకు జైలు.

హంతకుణ్ణి పట్టుకోవడానికి వాడితే నాకేం బాధ లేదు, పట్టుకోవాల్సిందే. నా కోపమల్లా వరస మీద. ముందు ఒక మాట చెప్పి, అందరిచేతా వేయించుకుని, ఆ తర్వాత మాట మార్చడం. పెళ్ళిచూపుల్లో ఒకటి చెప్పి పీటల మీద ఇంకోటి చెప్పినట్టు. ముందే చెప్పుంటే కొంతమంది వేసుకునేవాళ్ళు కాదేమో, కానీ వేసుకున్నవాళ్ళు తెలిసి వేసుకునేవాళ్ళు. మా రెగ్యులర్ ఒకబ్బాయి ఉన్నాడు, ఐటీ, వాడితో దీని మీద వాదన పెట్టుకుంటే వాడేమో అక్కా చట్టమైనా వచ్చింది కదా, చాలా దేశాల్లో అదీ లేదు అంటాడు. అదీ నిజమే. ఈ వారమే చూడండి, ఆస్ట్రేలియాలో పెర్త్ వైపు సేఫ్‌డబ్ల్యూఏ అని వాళ్ళ చెక్-ఇన్ యాప్, కాంటాక్ట్ ట్రేసింగ్‌కే అని చెప్పిందే, అక్కడ పోలీసులు హత్య కేసులో ఆ రికార్డులు తీసుకున్నారని బయటపడి ఇప్పుడు హడావుడిగా చట్టం మారుస్తున్నారు. మా చెల్లెలు అక్కడే ఉంటుంది, నిన్న ఫోన్లో ఇదే కథ. ఎక్కడైనా కథ ఒక్కటే, చట్టం తర్వాతే వస్తోంది.

ఇంకా ఒక వర్గం ఉంది, వాళ్ళ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నా. షిప్‌యార్డ్, కన్‌స్ట్రక్షన్ తమ్ముళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాలు, కరీంనగర్ వైపు పిల్లలు, ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నం మా షాపు నిండా వాళ్ళే. మనకి ఈ యాప్ ఇష్టమైతే వేసుకో అన్న రోజుల్లో, 2020 జూన్‌లోనే, ఆ రంగాల్లో పని చేసే వర్క్ పర్మిట్ వాళ్ళకి తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్‌లో వాళ్ళంతా కలిసి ఉండే డార్మిటరీల్లోంచి బయటికి రానివ్వకుండా మూసినప్పటి నుంచి వాళ్ళకి పని, రూము, ఆ రిక్రియేషన్ సెంటరు, అంతే దాదాపుగా. మనం ప్రైవసీ అని ఇంత పొడుగు మాట్లాడుకుంటున్నాం, వాళ్ళలో ఒకతను నాతో ఏమన్నాడంటే "అక్కా నేను ఎక్కడికెళ్ళానో తెలుసుకుంటారని భయమా, ముందు ఎక్కడికన్నా వెళ్ళనీ". నేను ఏం చెప్పాలి దానికి. వాళ్ళకి ఆదివారం పార్సిళ్ళు పంపడం ఆగదు, కూర్చుని తినడం మొదలైందని అది ఆపట్లేదు, గోంగూర మటన్ కావాలంటే శనివారం సాయంత్రంలోపు మెసేజ్ పెట్టండి తమ్ముళ్ళూ.

ఇప్పుడు నా దగ్గర ఏముంది అనే ప్రశ్న. ఇది మీరు గట్టిగా అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే గవర్నమెంట్ సర్వర్ మీద నాకు అధికారం లేదు గానీ నా కౌంటర్ మీద ఉంది.

సేఫ్‌ఎంట్రీ రాకముందు 2020 మార్చిలో పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు రాయించుకున్నాం, గుర్తుందా. ఆ పేజీలో మీ పైన రాసినవాళ్ళ నంబర్లన్నీ మీకు కనిపించేవి, వెనక నిలబడినాయన ఫోటో తీసుకున్నా ఎవరికీ తెలీదు. దాంతో పోలిస్తే ఈ క్యూఆర్ నయమే అని ఒప్పుకోవాలి. ఆ పుస్తకం అప్పుడే చించి పారేశాం. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ పుస్తకానికి చట్టం ఉంది, 2012లో వచ్చిన పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్, నేను మీ నంబరు ఇంకోళ్ళకిచ్చినా, అవసరం లేకుండా ఎన్‌ఆర్‌ఐసీ నంబరు రాసుకున్నా నా మీద కేసు. కానీ అదే చట్టం గవర్నమెంట్ శాఖలకి వర్తించదు, వాళ్ళకి వేరే నిబంధనలు. ఇడ్లీ అమ్ముకునే నాకున్న కట్టుబాటు వేరు, దేశం మొత్తం రాకపోకలు రాసుకునేవాళ్ళకి వేరు.

ప్రస్తుతం మా దగ్గర ఉన్నది కేటరింగ్ ఆర్డర్ల అడ్రసులు, మెనూ పంపే వాట్సాప్ లిస్టు, గల్లా పైన ఒక సీసీటీవీ, దాంట్లో పాతది పోయి కొత్తది ఎక్కుతూ ఉంటుంది. వాట్సాప్ లిస్టులోంచి తీసెయ్యమంటే ఒక్క మెసేజ్ చాలు, ఎందుకు అని అడగను.

ఇంకో సంగతి. పోయిన నెల షాపు ఖాళీగా ఉన్నప్పుడు టై కట్టుకున్న ఒకబ్బాయి వచ్చాడు, ఏదో కంపెనీ. మీ సేఫ్‌ఎంట్రీ బోర్డు పక్కనే మా క్యూఆర్ కూడా అంటించండి మేడం, జనం ఎలాగూ ఫోన్ తీసే ఉంటారు, అలవాటుగా రెండూ స్కాన్ చేసేస్తారు, పేరు, నంబరు, పుట్టినరోజు అన్నీ మీకొచ్చేస్తాయి, బర్త్‌డేకి ఆఫర్ పంపుకోవచ్చు అన్నాడు. తెలివిగలవాడే, అబద్ధమూ చెప్పలేదు, జనం నిజంగానే చేసేస్తారు. వ్యాపారం లేక ఈగలు తోలుకుంటున్న టైములో ఆ ఆఫరు మా ఆయనకి కాస్త నచ్చింది కూడా, రాత్రి దాని మీద ఇంట్లో ఒక రౌండు అయింది. నేను వద్దన్నా. మీరు గుమ్మం దగ్గర ఫోన్ తీసేది రోగం ఆగడానికి, చట్టం చెప్పింది కాబట్టి, నా మీద నమ్మకంతో. ఆ చేతిని అలాగే పట్టుకుని ఇంకో కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం నాకు నచ్చలేదు. అందుకని మా గుమ్మం దగ్గర ఒకటే క్యూఆర్ ఉంటుంది. మెనూ గోడ మీద ఉంటుంది, కాగితం మీదా ఉంటుంది, మెనూ చూడ్డానికి మీ నంబరు అడిగే పద్ధతి మా షాపులో ఉండదు. వేరే కోడ్ ఏదన్నా అంటించి కనిపిస్తే నాకు ఫోటో పంపండి, అది మాది కాదు. ఇలాంటి బోర్డుల మీద దొంగ స్టిక్కర్లు అంటించడం ఎవరికైనా రెండు నిమిషాల పని.

నా భయం నేను దాచుకోను, అదీ చెప్తా. పాజిటివ్ వచ్చినవాళ్ళు వెళ్ళిన చోట్ల లిస్టు ఆరోగ్య శాఖ వాళ్ళు షాపు పేరుతో, టైముతో సహా పెడతారు. మనిషి పేరు ఉండదు, షాపు పేరు ఉంటుంది. ఒకసారి ఆ లిస్టులో పడితే వారం పది రోజులు ఆ వైపు ఎవరూ చూడరు, మా లైన్లోనే చూశాం. షాపులో తప్పేం ఉండదు, ఎవరో వచ్చి దోశ తిని వెళ్ళారు, అంతే. అలాగని ఆ లిస్టు పెట్టొద్దని నేను అనను, పెట్టాలి. మా పేరు ఎప్పుడైనా వస్తే మీకు వేరేవాళ్ళ ఫార్వర్డ్‌లో కాదు, ముందు ఇదే వాట్సాప్ లిస్టులో నా దగ్గర్నుంచే మెసేజ్ వస్తుంది, ఏ రోజు, ఏ టైము, క్లీనింగ్ అయిందా లేదా అన్నీ రాస్తా. ఆ వచ్చిన మనిషి ఎవరు అని మాత్రం అడక్కండి, నాకు తెలిసినా చెప్పను.

టోకెన్ మర్చిపోయి వచ్చినవాళ్ళకి, ఫోన్ చార్జింగ్ అయిపోయినవాళ్ళకి ఒక ఏర్పాటు చేశాం. గుమ్మం బయట చిన్న టేబుల్ వేశాం, అక్కడే నిలబడి చెప్తే పార్సిల్ తెచ్చి చేతికిస్తాం, లోపలికి రావక్కర్లేదు. పెద్దవాళ్ళు టోకెన్ బ్యాటరీ పోయి ఇబ్బంది పడుతుంటే కమ్యూనిటీ సెంటర్‌లో మార్చిస్తున్నారు. స్కాన్ చేయడం రాకపోతే మా అబ్బాయి చూపిస్తాడు, మీ ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి, వాడికి ఇవ్వక్కర్లేదు.

సోమవారం పొద్దున ఏడింటికి తీస్తాం. ఇడ్లీ, పెసరట్టు, పూరీ ఉంటాయి, పుణుగులు సాయంత్రం నాలుగు తర్వాతే. టేబుళ్ళు తక్కువ కాబట్టి తినేశాక కబుర్లు బయట పెట్టుకుంటే వెనకాల వాళ్ళకి చోటు దొరుకుతుంది.