మందులున్నాయి సరే, ఫ్రిజ్ సంగతేంటి?

సంపాదకులకు,

పశువుల ఆస్పత్రుల్లో మందుల కొరత లేదని పెద్దాఫీసరు చెప్పిన వార్త పోయిన ఆదివారం జిల్లా పేజీలో వేశారు. కోతల పనిలో ఉండి ఇవాళ తీరిక దొరికి రాస్తున్నాను. ఆయన మాట నిజమే, మా ఆస్పత్రి బీరువా నిండా సీసాలే. ఉన్న మందుల్ని ఎలా ఉంచుతున్నారన్నదే నా గొడవ.

గాలికుంటు టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కినా పాడే, గడ్డకట్టినా పాడే. మా ఆస్పత్రి ఫ్రిజ్‌లో మొన్న ఎండాకాలం నేను చూసింది టీకాల పక్కన మజ్జిగ సీసా, ఎవరిదో అన్నం డబ్బా. దాహమేసినప్పుడల్లా తలుపు తీయడమే. లోపల థర్మామీటరు లేదు. టీకా వేయించినా గేదెకు గాలికుంటు వచ్చిందేమని అడిగితే, మేతలో బలం లేదట!

సంక్రాంతి ముందు మా గేదెకు పొదుగువాపు వస్తే మూడు రోజులు సూదులు వేశారు. ఏం మందో చీటీ మీద రాయలేదు. సగం మిగిలిన సీసాని రబ్బరు మూతకు సూది అలాగే గుచ్చి ఉంచి, ఎండ పడే కిటికీలో పెట్టారు. ఎప్పుడు తెరిచారో దానిమీద రాసిన పాపాన పోలేదు. మందు పాలల్లోకి దిగుతుంది గదా, పాలు ఎన్నాళ్లు పోయకూడదని నేనే అడిగితే "రెండ్రోజులు చూసుకో" అన్నారు. ఏం చూసుకోవాలి, పాల రంగునా? మందు లేబుల్ మీద ఆ గడువు ఉండాలని, పరీక్షించి తేల్చిన గడువు లేకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని 2012లోనే కేంద్రం రూల్ పెట్టింది. నాకది చెప్పింది మందుల కంపెనీలో పనిచేసే మా మేనల్లుడు. వారం పాలు పారబోశాను. పక్కింటాయన రెండ్రోజులకే పాల కేంద్రంలో పోశాడు. ఆయన్ని ఏమనగలం, ఎవరు చెప్పారు గనుక?

ఇక నొప్పి సూదుల కథ వేరు. ఆ సూది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును 2006లో నిషేధించారు. మనుషుల కోసం చేసే పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో వాటినీ ఆపి, 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. మా దగ్గర మందుల షాపులో అడగండి, ఆ చిన్నవే పది కట్టి ఇస్తారు. రాబందులకు ముప్పు లేని మెలోక్సికామ్ అనే నొప్పి మందు ఉందని చెప్పే నాథుడు లేడు. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద రాబందుల ఫొటోలు వేస్తే మాత్రం అందరం మురిసిపోతాం. పశు వైద్య శిబిరమంటే ఫ్లెక్సీలకు, శాలువాలకు డబ్బులుంటాయి, ఒక థర్మామీటరుకు ఉండవు.

తనిఖీకి వచ్చే ఆఫీసర్లకు ఒక మనవి, ముందు ఫోన్ చేసి రాకండి. కిందటిసారి అలా వచ్చినప్పుడు ఫ్రిజ్ కడిగారు, మజ్జిగ సీసా బయటికెళ్లింది. మర్నాడే తిరిగొచ్చింది.

– ఒక పాడి రైతు
(పేరు వేయకండి, మా గేదెలు మళ్లీ ఆ ఆస్పత్రికే పోవాలి)