సెలవు కాగితం మీదే ఉండాలి

చిన్నా,

బిడ్డ పుట్టాక సెలవు పెట్టాలా, ఇంట్లో ఉంటూనే పని చూసుకుంటే సరిపోతుందా అని అడిగావు. సెలవే పెట్టు. మాటవరసకి కాదు, తేదీలు వేసి, సంతకం పెట్టి. పరిశోధనలో ఉన్నవాడివి కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

తండ్రి బిడ్డను ఎంత చూసుకుంటాడన్నది అతని మనసును బట్టే ఉంటుందని చాలామంది నమ్మకం. లెక్కలు చూస్తే నాకలా అనిపించదు. స్వీడన్‌లో జీతంతో కూడిన సెలవును తండ్రి కూడా వాడుకోవచ్చని 1974లోనే చట్టం వచ్చింది. అయినా వాడుకున్న తండ్రులు తక్కువే. 1995లో ఒక నెలను తండ్రి పేరనే ఉంచి, అతను వాడకపోతే అది ఇంటికే దక్కదన్నారు. అప్పుడు కదిలారు. నార్వేలో 1993 ఏప్రిల్ నుంచి తండ్రికి నాలుగు వారాలు విడిగా ఇచ్చారు. అంతకుముందు 3 శాతం మంది తండ్రులు సెలవు తీసుకునేవారు, ఆ వెంటనే 35 శాతం మంది. రాత్రికి రాత్రి మగవాళ్ల మనసు మారిందంటావా? పైఅధికారిని అడగడానికి మొహమాటపడే సెలవు కాస్తా హక్కయింది, అంతే.

నార్వేలో చట్టం మారిన ఆ తేదీ పరిశోధకులకు కూడా దారి చూపింది. కొద్ది రోజులు ముందు పుట్టిన పిల్లల తల్లిదండ్రులకూ, తర్వాత పుట్టినవాళ్ల తల్లిదండ్రులకూ చట్టంలో తప్ప వేరే తేడా పెద్దగా ఉండదు. దాని ఆధారంగానే డాల్, లోకెన్, మోగ్‌స్టాడ్ అనే ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు 2014లో ఒక సంగతి తేల్చారు. ఒక తండ్రి సెలవు తీసుకుంటే, తోటి ఉద్యోగులు కూడా తీసుకునే అవకాశం 11 శాతం పాయింట్లు, సొంత అన్నదమ్ములు తీసుకునే అవకాశం 15 శాతం పాయింట్లు పెరిగాయి. నీ ల్యాబ్‌లో నీ వెనక వచ్చే కుర్రాళ్ల కోసమైనా నువ్వు సెలవు పెట్టాలనడం అందుకే.

చట్టం అన్నీ చేసేస్తుందని కాదు. స్వీడన్‌లో ఆ నెల వాడుకున్న తండ్రులు, తర్వాత పిల్లలకు ఒంట్లో బాగోలేనప్పుడు ఇంట్లో ఉండటంలో తమ వంతేమీ పెంచలేదని ఇంకో అధ్యయనం చెప్పింది. అదైనా ఎలా తెలిసింది? అలాంటి రోజుకి కూడా ప్రభుత్వం డబ్బిస్తుంది కాబట్టి, ఎవరు తీసుకున్నారో రాసిపెట్టింది కాబట్టి. రాత్రి ఎవరు లేస్తున్నారు, టీకా తేదీ ఎవరికి గుర్తుంది, ఇవి ఏ రిజిస్టర్‌కీ ఎక్కవు. వాటి కోసం పనిగట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడగాలి. ప్రభుత్వం లెక్క రాయని చోట తండ్రి బిడ్డను ఎంత చూసుకున్నా పరిశోధనకు కనపడడు. నీ వృత్తిలో ఉన్నవాళ్లు దీని గురించి ఇంకా గట్టిగా అడగాలి.

నీ ఉద్యోగానికీ ఇదే వర్తిస్తుంది. ఐరోపా పరిశోధన మండలి కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకిచ్చే గ్రాంటుకి పీహెచ్‌డీ తర్వాత ఇన్నేళ్లలోపే దరఖాస్తు చేయాలన్న గడువుంది. తల్లికి ఒక్కో బిడ్డకు 18 నెలలు పొడిగిస్తారు. తండ్రికి మాత్రం నిజంగా తీసుకుని, కాగితం చూపించగలిగిన సెలవు మేరకే. సెలవు పెట్టకుండా ఆరు నెలలు బిడ్డను ఎత్తుకుని తిరిగినా అక్కడ సున్నాయే.

ఇంకొక్క మాట, ఇదే నాకు ముఖ్యం. అమెరికాలో పేరున్న అర్థశాస్త్ర విభాగాలు బిడ్డ పుడితే ప్రొఫెసర్లకు, ఆడా మగా తేడా లేకుండా, ఉద్యోగం పర్మనెంట్ అయ్యే గడువును పొడిగించాయి. 2018లో అచ్చయిన అధ్యయనం ప్రకారం దానివల్ల మగవాళ్లకు పర్మనెంట్ కావడం పెరిగింది, ఆడవాళ్లకు తగ్గింది. ఆ అదనపు సమయంలో మగవాళ్లు పెద్ద పరిశోధన పత్రికల్లో పేపర్లు వేసుకున్నారు. న్యాయంగా కనిపించిన నియమమే అన్యాయమైంది. నువ్వు అలా చేయకు. సెలవులో పేపర్ ముట్టుకోకు.

మొత్తం సెలవు పురుడు అయిన నెలలోనే వాడేయకు. సగమైనా కోడలు తిరిగి ఉద్యోగంలో చేరే రోజు నుంచి పెట్టుకో. అప్పుడు పగలంతా బిడ్డ నీ ఒక్కడి చేతిలోనే ఉంటుంది. తేదీలు ఇద్దరూ కూర్చుని అనుకోండి. మీ ఆఫీసువాళ్లు ఏమన్నారో తెలియగానే ఫోన్ చెయ్యి.

అమ్మ