ఆగి చదివే పిల్లలు: ఈ నెల ఉత్తరం

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు టైమింగులు చివరి పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ ఉత్తరం మాత్రం రోడ్డు పక్కన ఉండే రాళ్ల గురించి, ఫలకాల గురించి. ‘ఇక్కడ ఫలానా సంవత్సరంలో ఇది జరిగింది’ అని చెబుతూ నిలబడి ఉంటాయే, అవి.

పోయిన నెల ఎనిమిదో తరగతి వాళ్లకి సోషల్‌లో ఒక ప్రాజెక్టు ఇచ్చాం. మీకు తెలిసిన చోట పాతది ఏదైనా ఒకటి ఎంచుకోండి, పెద్దవాళ్లని అడగండి, దాని పక్కన బోర్డు పెడితే ఏం రాయాలో 40 మాటల్లో రాసుకురండి అన్నాం. ఒకమ్మాయి పాత బావిని ఎంచుకుంది. గడువుకి ముందు రోజు సాయంత్రం నా గదికి వచ్చింది. చేతిలో కాగితం నిండా కొట్టివేతలు. చివర పెన్సిల్‌తో 43 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది.

“మేడం, డబ్బిచ్చినాయన పేరు బావి గట్టు మీద చెక్కి ఉంది. మా నాయనమ్మేమో తవ్విన వాళ్ల పేర్లు చెప్పింది. అందరినీ పెడితే నలభై దాటిపోతోంది. ఎవర్ని తీసెయ్యమంటారు?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. పాఠం పదిసార్లు చదివించినా ఇలాంటి ప్రశ్న పుట్టదు. బోర్డు మీద చోటు కొంచెమే, జరిగింది చాలా. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిందే. ఆ సంగతి ఆ అమ్మాయికి మూడు మాటల దగ్గర అర్థమైపోయింది.

లండన్‌లో ప్రసిద్ధులు నివసించిన ఇళ్లకి నీలం రంగు గుండ్రటి ఫలకాలు ఉంటాయి. ఆ పద్ధతి 1866లో మొదలైంది. మరుసటి ఏడాది కవి బైరన్ పుట్టిన ఇంటికి మొదటి ఫలకం పెట్టారు. 1889లో ఆ ఇల్లే కూల్చేశారు. ఇప్పుడు లండన్‌లో ఎవరి పేరునైనా ఇలాంటి ఫలకం పెట్టాలంటే ఆ మనిషి పోయి కనీసం 20 ఏళ్లు గడవాలి. పొగడ్తల వేడి తగ్గాక నిర్ణయిద్దాం అన్నట్టున్న ఈ నియమం నాకు నచ్చింది. ఇంత జాగ్రత్త ఉన్నా, ఆ ఫలకాల్లో స్త్రీల పేర్లు ఇప్పటికీ చాలా తక్కువ. ఉన్న పేర్లు చదవడంతో పాటు లేని పేర్ల గురించి అడగడం కూడా పిల్లలకి అలవాటు కావాలి.

ఏమీ రాయని గుర్తులు కూడా ఉంటాయి. షేర్షా, మొఘలుల కాలంలో రహదారుల వెంట కోసు దూరానికి ఒకటి చొప్పున ఇటుకలతో ఎత్తైన స్తంభాలు కట్టించారు. కోస్ మినార్లంటారు. కోసు అంటే సుమారు 3 కిలోమీటర్లు. వాటిలో ఒకటి ఇప్పుడు ఢిల్లీ జూ లోపల ఉంది. పులుల్ని చూడటానికి వెళ్లిన పిల్లల్లో ఎంతమంది దాని దగ్గర ఆగుతారు? ఒకప్పుడు ఆ జూ మీదుగానే పెద్ద దారి సాగిందని చెబితే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి.

నన్ను అన్నిటికన్నా కదిలించింది జపాన్‌లోని అనేయోషి అనే చిన్న పల్లెలో ఉన్న రాయి. 1896లో ఒకసారి, 1933లో మరోసారి సునామీ ఆ పల్లెని తుడిచిపెట్టింది. బతికి బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ తర్వాత కొండ దారి పక్కన రాయి నాటి, దీనికి కింద ఇళ్లు కట్టొద్దు అని చెక్కించారు. ఊరివాళ్లు ఆ మాట తప్పలేదు. 2011లో మళ్లీ సముద్రం విరుచుకుపడినప్పుడు నీళ్లు ఆ రాయి దాకా రాకుండానే ఆగాయి. పైనున్న ఇళ్లన్నీ దక్కాయి.

ఇలాంటి బోర్డుల్ని ఎవరూ చదవకూడదనుకునే వాళ్లూ ఉంటారు. 1955లో అమెరికాలోని మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి చంపి, శవాన్ని నదిలో పడేశారు. ఆ నది ఒడ్డున 2008లో బోర్డు పెడితే ఎవరో పీకి పారేశారు. మళ్లీ పెడితే తుపాకులతో తూట్లు పొడిచారు. 2019లో తూటాలకి లొంగని బోర్డు పెట్టాల్సి వచ్చింది, బరువు 200 కిలోల పైమాటే. ఈ కథ చిన్న తరగతుల పిల్లలకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. తొమ్మిది, పది తరగతుల వాళ్లకి మేమే చెబుతాం. వాళ్లు తట్టుకోగలరు, తెలుసుకోవాలి కూడా.

ఇక మీతో పని. సెలవుల్లో పిల్లలతో ప్రయాణం చేసేటప్పుడు ఇలాంటి బోర్డు కనిపిస్తే, బండి రోడ్డుకి బాగా ఎడంగా, ప్రమాదం లేని చోట ఆపి ఐదు నిమిషాలు కేటాయించండి. చదివే పని వాళ్లకే వదిలేయండి. ఎవరు పెట్టించారు, ఎప్పుడు పెట్టించారు అన్నది సాధారణంగా కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది కూడా చదివించండి. జరిగిన ఏడాదికి, బోర్డు పెట్టిన ఏడాదికి మధ్య ఎంత ఎడముందో లెక్కపెట్టమనండి. రాతి మీద సున్నం, సుద్ద పూయనివ్వకండి, అక్షరాలు దెబ్బతింటాయి. ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటే బోర్డులో లేని సంగతులు చెప్పమనండి. అవి నోట్‌బుక్‌లో రాసుకొస్తే సెలవుల తర్వాత అసెంబ్లీలో చదివిస్తాం.

బావి అమ్మాయి మర్నాడు పొద్దున్నే కాగితం తెచ్చి ఇచ్చింది. పేర్లన్నీ అలాగే ఉన్నాయి, డబ్బిచ్చినాయనతో పాటు తవ్వినవాళ్లవీ. మొదటి వాక్యంలో ‘ఎంతో ప్రాచీనమైన, సుప్రసిద్ధమైన’ అనే మూడు మాటలు కొట్టేసింది. పెన్సిల్ సున్నాలో ఇప్పుడు 40 ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు